గుండ్లకమ్మ నడిచే దారి

నల్లమల నుండి బంగాళాఖాతం దాకా ఒక చిన్న నది ప్రయాణం. ఆ దారిలో అయిదువందల ఏళ్లుగా నిలిచిన కట్ట ఒకటి, పద్నాలుగేళ్లకే కొట్టుకుపోయిన తలుపు ఒకటి.

చెన్నై నుండి కోల్‌కతా వైపు పోయే జాతీయ రహదారి ఒంగోలు పట్టణం దాటిన కొంతసేపటికి ఒక పొడవాటి వంతెన మీదుగా సాగుతుంది. నడివేసవిలో ఆ వంతెన పైనుండి క్రిందికి చూసిన ప్రయాణికునికి విశాలమైన ఇసుక మేట, దాని మీద అక్కడక్కడ తుమ్మపొదలు, ఒక అంచున పలుచని నీటి చాలు కనిపిస్తాయి. ఇంత చిన్న చాలుకు ఇంత పెద్ద వంతెన ఎందుకా అని అతడు ఆశ్చర్యపడేలోగానే బండి ఆవలి ఒడ్డు చేరుకుంటుంది. కార్తీకమాసంలో తుఫాను వాన వెలిసిన మరునాడు అదే మనిషి అదే చోటికి వస్తే ఆ ప్రశ్న అడగడు. అప్పుడు వంతెన స్తంభాలను ఒరుసుకుంటూ ఎర్రనీరు ఒడ్డు నుండి ఒడ్డుకు పరచుకొని ఉంటుంది.

ఆ నది పేరు గుండ్లకమ్మ. కృష్ణకు, పెన్నకు నడుమ, ఏ మహానదిలోనూ కలవకుండా తనంత తానుగా సముద్రాన్ని చేరుకునే నదులలో ఇది ఒకటి. పుట్టుక నుండి సాగరసంగమం వరకు ఆంధ్రప్రదేశ్ ఎల్లలు దాటి ఎరుగదు. దాని నడక అంతా కలిపి రెండువందల కిలోమీటర్లకు కొంత పైబడి ఉంటుంది. దీనికి పుష్కరాలు లేవు. నదుల స్తోత్రాలలో దీని పేరు వినబడదు. ఇతర రాష్ట్రాల పాఠకులలో ఈ పేరు విన్నవారు అరుదు. అయినా ఈ చిన్న నది ఒడ్డున జరిగినంత చరిత్ర చాల పెద్ద నదుల ఒడ్డున కూడ జరగలేదు. నీటిని కాపాడుకొనడం ఎట్లాగో, పోగొట్టుకొనడం ఎట్లాగో ఒకే నది మీద చూడదలచినవారికి ఇంతకంటె మంచి పాఠశాల దొరకదు.

కొండల్లో

గుండ్లకమ్మ పుట్టిల్లు నల్లమల అడవి. నంద్యాలకు తూర్పున, దట్టమైన అడవి నడుమ గుండ్ల బ్రహ్మేశ్వరం అనే పురాతన శైవక్షేత్రం ఉన్నది. ఆ పేరుతోనే అక్కడి అడవిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. ఆ ప్రాంతపు ఊటలు, వంకలు కూడుకొని గుండ్లకమ్మ అవుతుంది. పేరులోనే గుండ్లు ఉన్నందుకు తగినట్టు తొలి దశలో దాని దారి అంతా రాళ్ల మీదనే. బండల సందులలో దాగుతూ, మడుగులలో నిలుస్తూ, మళ్లీ దూకుతూ అది తూర్పు ముఖంగా దిగివస్తుంది.

కొండ దిగే చోట నెమలిగుండం ఉన్నది. ఇక్కడ ఏరు బండ మీది నుండి దూకి లోతైన మడుగులో పడుతుంది. మయూర మహర్షి నెమలి రూపం ధరించి ఈ గుండాన్ని ఏర్పరచాడని స్థలపురాణం. ఒడ్డున రంగనాయకస్వామి కొలువై ఉన్నాడు. చుట్టుప్రక్కల పల్లెలవారికి ఆయన ఇలవేలుపు. వేసవి ముదిరి దిగువన ఏరంతా ఎండినప్పుడు కూడ గుండంలో కొంత నీరు మిగిలి ఉంటుంది. అడవి నీడ ఎంతవరకు ఉన్నదో నది ఊపిరి అంతవరకు ఉంటుందనడానికి ఇది తార్కాణం.

నల్లమల కొండల వరుసకు, దానికి తూర్పున ఉన్న వెలిగొండల వరుసకు మధ్య పొడవాటి లోయ ఒకటి ఉన్నది. గుండ్లకమ్మ ఈ లోయలోకి దిగి ఉత్తరం వైపు తిరుగుతుంది. చిత్రమేమంటే అదే లోయలో, గిద్దలూరును ఆనుకొని పారే సగిలేరు మాత్రం దక్షిణం వైపు పోయి పెన్నలో కలుస్తుంది. రెండు ఏళ్ల మధ్య ఉన్న మెరక పెద్ద కొండ కూడ కాదు. ఆ మెరకకు ఒక ప్రక్కన పడిన చినుకు ఒంగోలు సముద్రానికి చేరుతుంది. రెండవ ప్రక్కన పడిన చినుకు నెల్లూరు మీదుగా పోతుంది. కవల పిల్లలు చెరొక ఇంటికి దత్తు పోయినట్టు ఒకే మేఘం నీరు రెండు నదులకు పంచబడుతున్నది.

కంభం కట్ట

లోయలో కొంతదూరం సాగిన గుండ్లకమ్మకు కంభం వద్ద జంపలేరు తోడవుతుంది. అక్కడ రెండు కొండలు దగ్గరికి వచ్చి, నడుమ ఇరుకైన కనుమ మాత్రం విడిచినవి. ఇంతటి విస్తీర్ణం నుండి చేరిన నీరంతా ఆ కనుమ గుండానే బయటికి పోవాలి. ఆ కనుమను చూసిన మనిషి ఎవడో, ఎప్పుడో, అక్కడ ఒక చిన్న గోడ కడితే వెనుక ఒక సముద్రం నిలుస్తుందని గ్రహించాడు. కంభం చెరువు ఆ ఊహకు రూపం.

శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు అయిన వరదరాజమ్మ ఈ చెరువును కట్టించిందని జనశ్రుతి. దాని ప్రకారం ఈ కట్ట వయస్సు సుమారు అయిదువందల ఏళ్లు. కట్ట ఎత్తు 57 అడుగులు. దానికి నీరు అందించే పరివాహక ప్రాంతం 430 చదరపు మైళ్లు. 20వ శతాబ్ది ఆరంభంలో దీని క్రింద 10,300 ఎకరాలు సాగవుతుండేవని నాటి లెక్కలు తెలుపుతున్నవి. నీటిపారుదల, మురుగునీటి పారుదలలకు చెందిన అంతర్జాతీయ సంఘం 2020లో దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది. అదే ఏడాది ఆ గౌరవం పొందిన మరొక చెరువు కడప జిల్లాలోని పోరుమామిళ్లలో ఉన్నది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను వరుసగా పేర్కొంటుంది; వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేళ్ల కాలం ఆ చెరువుకు పట్టినట్టు చెబుతుంది. ఈ సీమలో చెరువు త్రవ్వించడం అదృష్టం మీద ఆధారపడిన పుణ్యకార్యం కాదు, ఎరిగి చేసిన శాస్త్రం అనడానికి ఆ శాసనం చాలు.

అయితే కట్టడం ఎంత గొప్పదైనా అయిదువందల ఏళ్లు తనంత తానుగా నిలువదు. మట్టి ప్రతి వానకు కొంత జారుతుంది. పశువులు కట్ట ఎక్కి దిగి దారులు చేస్తాయి. ఎలుకలు కన్నాలు వేస్తాయి. పక్షి రెట్టలో వచ్చి పడిన రావి గింజ రాళ్ల సందున మొలకెత్తి, పదేళ్లలో రాతి కూర్పును విడదీస్తుంది. వచ్చిన వరదలో మోయగలిగినంత నిలుపుకొని మిగిలినది విడిచిపెట్టే అలుగు పూడిపోతే, ఎంత గట్టి కట్ట అయినా ఒక రాత్రిలో తెగుతుంది. ఇన్ని శత్రువులున్న చెరువును కాపాడడానికి పూర్వులు ఒక ఏర్పాటు చేసుకున్నారు. చెరువు కట్టించినవానికి, దానిని మరమ్మతులో ఉంచేవానికి మాన్యంగా భూమి ఇచ్చేవారు. రాయలసీమలో దానికి దశబంధం అని పేరు. చెరువు బాగుంటేనే మాన్యం పండుతుంది. మాన్యం పండితేనే అతని ఇల్లు గడుస్తుంది. నీరు ఎవరి మడికి ఏ వేళ పారాలో చూసే నీరుగంటికి పంటలో పాలు ఉండేది. ఇక ఏడాదికి కొన్నాళ్లు ఊరంతా కలిసి పూడిక తీయడం, కట్టకు మట్టి పోయడం కుడిమరామత్తు అనిపించుకున్నది.

ఆంగ్లేయుల పాలనలో ఈ అల్లిక సడలింది. ఇనాముల విచారణలు, శిస్తు లెక్కలు వచ్చినవి. చెరువులు సర్కారువి అయినవి. ఊరివారు తమంత తాముగా చేసుకుంటూ వచ్చిన పనిని శాసనబలంతో చేయించడానికి 1858లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టమే చేయవలసి వచ్చింది. ఒకప్పుడు అలవాటుగా ఉన్నది చట్టం అయిందంటే, ఆ అలవాటు అప్పటికే జారిపోతున్నదని అర్థం. మళ్లీ 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీటిపారుదల వ్యవస్థల నిర్వహణలో రైతులకు పాలు కల్పిస్తూ చట్టం తెచ్చి, నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. నూరేళ్లకు పైగా చేతులు మారిన తాళపుచెవి తిరిగి ఊరికి అందింది. అందుకొనే చేతికి ఆ పని అలవాటు తప్పిందన్నది మాత్రం నిజం.

వంక, వాగు, ఏరు

కంభం దాటిన తర్వాత గుండ్లకమ్మ ఈశాన్యంగా మార్కాపురం సీమలో ప్రవేశిస్తుంది. గుంటూరు నుండి నంద్యాల పోయే రైలు ఈ దారికి దాదాపు సమాంతరంగా, కాని ఎదురుదిశలో నడుస్తుంది. వినుకొండ, దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు అంటూ ఆ రైలు స్టేషన్ల పేర్లు చదువుతూ పోతే నదిని దిగువ నుండి ఎగువకు చదివినట్టే.

మార్కాపురం పలకల ఊరు. తరతరాల తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దుకున్న నల్లని రాతిపలకలు ఈ నేల నుండే వచ్చినవి. ఈ పలకరాయి శ్రేణికి భూగర్భశాస్త్రజ్ఞులు కంభం పేరే పెట్టుకున్నారు. పలకరాయి అక్షరానికి ఎంత మేలు చేసిందో సేద్యానికి అంత మేలు చేయలేదు. రాతినేలలో నీరు ఇంకడం కష్టం; ఇంకిన నీరు పగుళ్లలో తప్ప నిలువదు. అందుచేత ఈ సీమకు నీటి ఆధారం ప్రధానంగా ఏరే.

ఆ ఏరు కూడ ఒంటరిగా రాదు. నీటిదారుల తాహతును బట్టి తెలుగువారు వాటికి వేరు వేరు పేర్లు పెట్టుకున్నారు. వాన కురిసినంతసేపు పారేది వంక. వాన వెలిసిన తర్వాత కూడ కొంతకాలం పారేది వాగు. కొన్ని నెలలు నిలిచి పారేది ఏరు. వంకలు వాగులో, వాగులు ఏరులో కలిస్తే నది అవుతుంది. గుండ్లకమ్మ కుటుంబంలో ఈ మూడు తరాలవారూ ఉన్నారు. నల్లమల నుండి తీగలేరు వస్తుంది. దువ్వలేరు, రాళ్లవాగు కలుస్తాయి. ఇంకా దిగువన దర్శి సీమ నుండి చిలకలేరు వస్తుంది. ఈ పేర్లలో ఎక్కువ భాగం జిల్లా దాటితే ఎవరికీ తెలియవు. కాని ప్రతి పేరు వెనుక పదీ ఇరవై ఊళ్లు, వాటి బావులు, వాటి మడులు ఉన్నవి. ఒక వాగు మూలాన అడవి నరికితే, ఒక వంకకు అడ్డంగా కట్టిన ఊరి కుంట పూడితే, ఆ నష్టం ఆ ఊరితో ఆగదు. ఏటి లెక్కలో అంత నీరు తరుగుతుంది.

వానాకాలం వెళ్లిన తర్వాత పైకి కనిపించని మరొక ఏరు మిగులుతుంది. అది ఇసుక క్రింద నడిచే నీరు. ఒడ్డున ఉన్న పల్లెలలో స్త్రీలు వేసవి ఉదయాలలో ఇసుకలో చెలమలు తోడి, ఊరిన నీటిని చిప్పతో ముంచి బిందెలు నింపుకొనేవారు. మూరెడు లోతున తియ్యని నీరు దొరికేది. ఇసుక ఉన్నంతకాలమే చెలమ ఉంటుంది. ఇసుకను లారీలకు ఎత్తిన చోట వరదనీరు నిలువక జారిపోతుంది. ఒడ్డు బావులు అడుగంటుతాయి. నది గర్భం నుండి తీసిన ఇసుక పట్నంలో మేడ అవుతుంది కాని, అది నిలుపుకొన్న నీటికి బదులు ఇచ్చేది ఏదీ లేదు.

పై నీరు తరిగితే మనిషి క్రిందికి త్రవ్వుతాడు. ఈ సీమలో ఆ త్రవ్వకానికి చెల్లించవలసి వచ్చిన మూల్యం చాల పెద్దది. లోతున ఉన్న రాతినీటిలో ఫ్లోరైడు అధికం. భారతదేశంలో మనుషులకు సోకిన ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొట్టమొదట 1937లో గుర్తించి ప్రకటించినది ఈ ప్రాంతంలోనే, నాడు నెల్లూరు జిల్లాలో ఉండిన దర్శి, పొదిలి సీమలలో. పళ్ల మీద గోధుమరంగు చారలతో మొదలై, ఎముకలు బిగిసి, వెన్ను వంగి, నడివయస్సుకే మనిషి కర్రపట్టవలసిన ఆ జబ్బుకు మందు లేదు. మంచినీరే మందు. చిన్న ఏటిలో నీరు ఉండడానికి, ఒక పిల్లవాడి వెన్నెముక నిటారుగా ఉండడానికి ఇంతటి సంబంధం ఉన్నదని ఆ సీమ నేర్పింది.

వినుకొండ వంపు, అద్దంకి ఒడ్డు

ఈశాన్యంగా సాగివచ్చిన గుండ్లకమ్మ వినుకొండ సీమలో కొడవలి వలె వంపు తిరిగి ఆగ్నేయ దిశను పట్టుకుంటుంది. సీతాపహరణ వార్తను రాముడు విన్న కొండ గనుక ఇది వినుకొండ అయిందని ఐతిహ్యం. మహాకవి గుఱ్ఱం జాషువ 1895లో పుట్టినది ఈ ఊరిలోనే.

ఈ వంపు దగ్గర నది బ్రతుకులో మరొక మార్పు కనిపిస్తుంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు విడుదల అయింది. కాలక్రమాన ఆ నీరు ఈ ప్రాంతపు మెట్టభూములను మాగాణి చేసింది. కాలువ నుండి మడికి, మడి నుండి మురుగుకాలువకు, అక్కడి నుండి వాగుకు జారిన కృష్ణనీరు చివరకు గుండ్లకమ్మలో పడుతుంది. అంటే దిగువ గుండ్లకమ్మలో నేడు పారేది పూర్తిగా నల్లమల నీరు కాదు. ఎక్కడో పడమటి కనుమలలో కురిసిన వాన కూడ అందులో ఉన్నది. అప్పుగా వచ్చిన ఆ నీరు సాగర్ నిండిన ఏడాది వస్తుంది, నిండని ఏడాది రాదు. ఏటి సొంత వాగులు ఎండనిచ్చి, పరాయి నీటిని నమ్ముకొన్న రైతుకు ఆ సంగతి తెలియనిది కాదు.

వంపు తిరిగిన నది అద్దంకి చేరుతుంది. తెలుగు భాషాచరిత్రలో ఈ ఊరికి ఉన్న స్థానం సామాన్యమైనది కాదు. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు వేయించిన అద్దంకి శాసనంలో తరువోజ పద్యం ఉన్నది. 9వ శతాబ్ది మధ్యకాలపు ఈ శాసనాన్ని తెలుగులో తొలి పద్యశాసనంగా పండితులు పరిగణిస్తారు. నన్నయకు సుమారు రెండువందల ఏళ్లకు పూర్వమే ఈ ఒడ్డున తెలుగు పద్యం రాతికెక్కింది. తర్వాత 14వ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి రాజధాని చేసుకున్నది కూడ అద్దంకినే. కవిత్రయంలో మూడవవాడైన ఎఱ్ఱాప్రగడ ఆ రాజు ఆస్థానకవి. నన్నయ నుండి అసంపూర్ణంగా మిగిలిన అరణ్యపర్వశేషాన్ని పూరించి, తెలుగు భారతంలోని కొరతను తీర్చినవాడు ఆయనే. కృష్ణకు, గోదావరికి ఉన్న ఘనత లేకపోయినా, తెలుగుభాషకు ఈ ఏరు ఇచ్చిన నీరు తక్కువది కాదు.

గడ్డి నుండి గిత్త

అద్దంకి దిగువన నేల మారుతుంది. నల్లరేగడి పొలాలు, వాటి గట్ల మీద ఏపుగా పెరిగే గడ్డి, జొన్నచొప్ప. తెల్లని మేను, ఎత్తైన మూపురం, బలిసిన గంగడోలు గల ఒంగోలు జాతి పశువులకు ఇది పుట్టినిల్లు. గుండ్లకమ్మకు, దక్షిణాన అల్లూరేరుకు నడుమ ఉన్న పాత ఒంగోలు, కందుకూరు తాలూకాలలో ఈ జాతికి మేలైన పశువులు దొరుకుతాయని పశుశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఒకప్పుడు ఈ భూభాగం నెల్లూరు జిల్లాలో ఉండేది. అందుచేతనే ఇక్కడి పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ నెల్లూరు పేరుతో ఆ దేశపు పశుసంపదలో అత్యధిక భాగమైనవి. 1960ల తొలినాళ్లలో ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం నుండి వెళ్లిన గిత్త ఒకటి ఆ ఊరి పేరుతోనే బ్రెజిల్ వంశావళులకెక్కింది. గుండ్లకమ్మ ఎన్నడూ రాష్ట్రం దాటలేదు గాని, దాని ఒడ్డు గడ్డి మేసిన పశువుల సంతతి సముద్రాలు దాటింది.

మల్లవరం తలుపు

మద్దిపాడు మండలం మల్లవరం వద్ద నదికి అడ్డంగా ఒక ఆధునిక జలాశయం ఉన్నది. దానికి కందుల ఓబులరెడ్డి పేరు పెట్టి, 2008 నవంబరులో ప్రారంభించారు. 3.859 టీఎంసీల నీరు నిలుపగల ఈ జలాశయం క్రింద సుమారు 80,000 ఎకరాల ఆయకట్టు, ఒంగోలుకు, మరికొన్ని గ్రామాలకు తాగునీరు ఉద్దేశించబడినవి. నదికి ఇది చివరి మజిలీ. ఇక్కడ ఆగని నీరు సముద్రానికే పోతుంది.

2022 ఆగస్టు చివరన, నిండుగా ఉన్న జలాశయంలో ఒక రాత్రి మూడవ నంబరు ఇనుప తలుపు నీటి వత్తిడికి తాళలేక విరిగి కొట్టుకుపోయింది. దానిని ఆపే ప్రయత్నాలు ఫలించక, నిలువ ఉంచుకొన్న నీటిని దిగువకు విడవవలసి వచ్చింది. ఆ నీటి మీద ఆశపెట్టుకొన్న రైతులు ఒడ్డున నిలబడి చూస్తుండగానే అది సముద్రం పాలయింది. మరుసటి ఏడాది డిసెంబరులో బాపట్ల వద్ద తీరం దాటిన మిచౌంగ్ తుఫాను వెనువెంటనే, అదే జలాశయంలో రెండవ నంబరు తలుపు కూడ పోయింది. తలుపులకు తుప్పు పట్టినదని, సమయానికి రంగు, గ్రీజు, మరమ్మతు జరగలేదని పత్రికలన్నీ వ్రాసినవి.

ఈ రెండు కట్టడాలను ఒకే నది మీద ప్రక్కప్రక్కన పెట్టి చూడడం అవసరం. ఎగువన రాతితో, మట్టితో కట్టినది అయిదువందల ఏళ్లు నిలిచింది. దిగువన ఇనుముతో, సిమెంటుతో కట్టినది పద్నాలుగేళ్లు నిండకముందే ఒక చోట విరిగింది. పాతది గొప్ప, కొత్తది చెడ్డ అని తీర్పు చెప్పడం సులువు, అది సరికాదు. నల్లరేగడి మైదానంలో వరదనదికి అడ్డంగా ఆనకట్ట కట్టడానికి నేటి విజ్ఞానమే కావాలి. కొండ కనుమ అక్కడ లేదు. మట్టికట్ట ఆ వరదకు నిలువదు. తేడా కట్టిన పదార్థంలో లేదు. కంభం కట్టకు దాని బాగును తమ కూటితో ముడివేసుకొన్నవారు తరతరాలు కాపుండినారు. మల్లవరం తలుపుకు ప్రారంభోత్సవం నాడు పూలమాలలు పడినవి. ఆ తర్వాత ఏటేటా గ్రీజు పూయవలసిన చేయి ఏదో స్పష్టంగా తేలలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత ఈ దేశంలో ఆనకట్టలకు వర్తించినంతగా మరి దేనికీ వర్తించదు.

ఈ ప్రశ్న ఒక్క మల్లవరానిది కాదు. కృష్ణ వరదనీటిని నల్లమల క్రింద సొరంగాల గుండా ఈ సీమకు మళ్లించడానికి వెలిగొండ ప్రాజెక్టును తలపెట్టారు. దానికి స్వాతంత్ర్య సమరయోధుడు పూల సుబ్బయ్య పేరు ఉన్నది. శ్రీశైలం జలాశయం నుండి ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్ల పొడవైన రెండు సొరంగాలు, కొండల నడుమ మూడు కనుమలను మూసి ఏర్పరచిన నల్లమలసాగర్, 43.5 టీఎంసీల నీరు, 4,47,300 ఎకరాల సాగు దాని లక్ష్యాలు. 2024 మార్చిలో సొరంగాలను ప్రారంభించారు. కనుమను మూసి సముద్రాన్ని నిలపడమన్నది ఇక్కడ క్రొత్త ఆలోచన కాదు. కంభంలో అయిదువందల ఏళ్లనాడు చేసినదే ఇంకా పెద్ద ఎత్తున చేస్తున్నారు. ఫ్లోరైడు నీరు త్రాగి వెన్ను వంగిన ఊళ్లకు ఆ నీరు అందడం కంటె న్యాయమైన కోరిక ఉండదు. కాని పెద్దనది నీరు వచ్చినా అది చివరకు నడవవలసినది చిన్న వాగుల దారినే; దానిని పంచవలసినది ఊరి తూములే. కుంటలు పూడి, వంకలు ఆక్రమణకు లోనై, తలుపులు తుప్పుపట్టిన సీమలోకి ఎంత నీరు తెచ్చిపోసినా చిల్లికుండలో పోసినట్టే.

కడలి ఒడ్డున

మల్లవరం దాటిన గుండ్లకమ్మ జాతీయ రహదారి క్రిందుగా, రైలు వంతెన క్రిందుగా సాగి, ఒంగోలుకు తూర్పున ఉన్న చదునైన నేలలలో వెడల్పు పెంచుకుంటుంది. వేగం తగ్గుతుంది. ఉప్పునీరు ఎదురు వస్తుంది. వేసవిలో నదికి త్రోయగల బలం లేనప్పుడు సముద్రపు అలలు ముఖద్వారం వద్ద ఇసుకదిబ్బ వేసి దారి మూస్తాయి. వానాకాలపు తొలి వరద ఆ దిబ్బను కోసుకొని దారి తెరుస్తుంది. ఏటేటా జరిగే ఈ తెరవడం, మూయడం మీద మత్స్యకారుల పల్లెలు ఆధారపడి ఉన్నవి. ఏటినీరు, కడలినీరు కలిసిన చోటనే రొయ్య, పీత, చేపపిల్ల పెరుగుతాయి. పైన ఏ ఊరిలో ఏ చుక్క ఆగిందో, ఏ చుక్క వచ్చిందో వారి వలకు తెలుస్తుంది.

నల్లమల శివాలయం వద్ద మొదలైన నీరు ఇక్కడికి చేరేలోపల ఒక రాణి పేరిట ఉన్న చెరువును నింపింది. పలకల ఊరిని, పద్యాల ఊరిని చూసింది. గిత్తలకు గడ్డి పెట్టింది. రోగానికి మందు అయింది. విరిగిన తలుపు గుండా వృథాగా పోయింది. ఇంత కథ ఉన్న నదిని వంతెన మీది ప్రయాణికుడు అరనిమిషంలో దాటిపోతాడు. అతనిని నిందించి ప్రయోజనం లేదు. నది పేరు అతనికి తెలియకపోయినా నదికి లోటు లేదు. తెలియవలసినవారు వేరే ఉన్నారు. వానలకు ముందు కట్ట మీద నడిచి చూడవలసినవారు, అలుగు దగ్గర పూడిక తీయవలసినవారు, ఇనుప తలుపుకు రంగు పూయవలసినవారు వారే. రాళ్ల సందున రావిమొక్క మొలకగా ఉన్ననాడు దానిని పెరికివేయడానికి రెండు వేళ్లు చాలు.